ఎంగిలి మంట

ఖాందిగాలో నవంబరు నుంచి మార్చి దాకా
లారీ ఇంజను ఎవరూ ఆపరు.
ఆపితే ఆయిలు జిగురు, డీజిలు మైనం,
మళ్ళీ లేపాలంటే కింద కుంపటి పెట్టాలి.
అందుకే గ్యారేజీ బయట తొమ్మిది లారీలు
రాత్రంతా నిలబడే గురకపెడతాయి.
వాటి పొగ పైకి పోదు.
మైనస్ యాభైలో పొగకీ కాళ్ళు బరువే.
మోకాలెత్తున ఊరంతా పాకి
కిటికీల మీద తెల్లగా పేరుకుంటుంది.

నేనక్కడ లేతు మెషీను మీద పనిచేస్తాను.
పన్నెండేళ్ళు ఆ పొగలోంచే నడిచొచ్చాను,
దగ్గానే తప్ప లెక్క కట్టలేదు.
ఉయ్‌బాన్ తాత కట్టాడు, సుద్దముక్కతో, ఇనుప తలుపు మీద:
పోసిన డీజిల్లో ఓ వంతు చక్రాలకి,
ఓ వంతు రేడియేటరు నీళ్ళకి,
ఓ వంతు గొట్టంలోంచి ఆకాశానికి.
"ఆకాశానికి మనమెంత బాకీనే పిల్లా,
ఇన్నేళ్ళుగా తీరుస్తూనే ఉన్నాం?"

తుక్కులో పడున్న గ్రేడరు టర్బో విప్పాం.
లోపల చక్రం నా గుప్పిటంత.
పదకొండు రెక్కలు, ఒకదాని కొస చిట్లింది.
దాని అవిటితనానికి సరిపడా
మిగతా పదింటినీ అరగదీసేసరికి వారం పట్టింది.
ఇరుసు రెండో కొసన అయస్కాంతం, చుట్టూ రాగి తీగ.
మొదటిసారి తిరిగినప్పుడు
ఈల సన్నబడి, ఇంకా సన్నబడి,
చెవికి అందకుండా పోయింది.
కుక్కలు మాత్రం మొరుగుతూనే ఉన్నాయి.
అప్పుడు అయస్కాంతం పగిలింది.
ఒక ముక్క ఇప్పటికీ గోడలోనే ఉంది.

రెండోసారి
కొత్త అయస్కాంతాన్ని రాత్రి బయట మంచులో పడుకోబెట్టాను.
ఉక్కు తొడుగుకి కాస్త సెగ చూపాను.
ముడుచుకున్నది లోపలికి జారింది,
వదులైనది బిగుసుకుంది.
చలి మాకు చేసిన మేలు
నాకు తెలిసి అదొక్కటే.

ద్యులుస్తాన్ తన కమాజ్ ఇచ్చాడు, గొణుగుతూనే.
"గొట్టానికి అడ్డం పెట్టి నా ఇంజను గొంతు పిసుకుతావా?"
పిసుకుతాను, కొంచెం.
ఊరికే వచ్చేది ఏదీ లేదని అతనికి నేను చెప్పాలా,
బొగ్గు మోసుకుపోయి గుర్రపు మాంసం తెచ్చేవాడికి?

కనుమ ఎక్కేటప్పుడు, నిండు బరువుతో,
ముల్లు లేచింది. పది. ఇరవై. ముప్ఫై ఆంపియర్లు.
ఇద్దరం దారి మానేసి దాన్నే చూశాం,
లోయలో పడకపోవడం మా గొప్ప కాదు.
రాత్రి ఆగాం.
ఇంజను మెల్లగా గుసగుసలాడుతోంటే
ముల్లు సున్నా మీద పడుకుంది.
చలి కరిచే వేళకి చక్రం నిద్ర.
చెమటోడ్చేటప్పుడే ఇస్తుంది, అడిగినప్పుడు ఇవ్వదు.
"అచ్చం మా మామే" అన్నాడు ద్యులుస్తాన్.

రెయిన్‌డీర్ తోలు చుట్టిన పెట్టెలో బ్యాటరీ ఉంది.
మధ్యాహ్నపు ఎక్కుడు దాచిపెట్టింది అందులో.
బల్బు వెలిగింది, దుప్పటిలో తీగ వెచ్చబడింది.
అతను వెన్న రాసిన రొట్టె తుంచి,
తినకుండా, కిందికి దిగాడు.
వాళ్ళమ్మమ్మ పొయ్యికి తొలి ముక్క వేసేదట.
ఇక్కడ పొయ్యి లేదు.
ముక్కని పొగగొట్టం మీద పెట్టాడు.
వెన్న చుయ్యిమంది.

నేను అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను.
నిప్పుకి తొలి ముద్ద పెట్టే జనం మేం.
అది తిని వదిలిన ఎంగిలి కోసం
పదకొండు రెక్కల దోసిలి పట్టుకొచ్చింది నేనే.
సిగ్గేమీ వేయలేదు.
ఆకలేసింది.

తిరిగొచ్చాక తలుపు మీద
ఆకాశం వంతులోంచి ఒక గోరంత చెరిపాను.
తాత ఒప్పుకోలేదు.
"బల్బు వేడి మాత్రం ఎక్కడికి పోతుంది?
అక్కడికే.
దారిలో మన దగ్గర కాసేపు ఆగింది, అంతే."
చెరిపినచోట మళ్ళీ గీశాడు,
ఈసారి కొంచెం వంకరగా,
ఆగిన చోటు కనిపించేలా.